పసుపు వైరా, ఆరంజి వైరా?

"దూరానికి సింగిల్ మోడ్, దగ్గరికి మల్టీమోడ్." నెట్‌వర్కింగ్ కోర్సులో మనందరితో బట్టీ పట్టించిన ముక్క ఇది. ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ అడుగుతారు, ఇదే జవాబు చెప్పి ఉద్యోగాలు కూడా తెచ్చుకుంటారు. తప్పని అనను. కానీ ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని కొటేషన్లు రాసేవాళ్ళ వల్ల ఎంత డబ్బు మట్టిలో పూడుకుపోతోందో చూశాక నాకో అభిప్రాయం గట్టిపడింది. కొత్తగా ఫైబర్ వేసేవాళ్ళు ప్యాచ్ కార్డ్‌తో సహా సింగిల్ మోడ్‌తోనే మొదలుపెట్టాలి. మల్టీమోడ్ కావాలన్నవాడు ఎందుకు కావాలో చెప్పాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు.

హైదరాబాదు నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వెళ్తుంటే కనకమామిడి వస్తుంది. మర్రిచెట్ల రోడ్డు అంటే చాలామంది గుర్తుపడతారు. ఈ ప్రాంతానికో ప్రత్యేకత ఉంది. జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవో వల్ల మొయినాబాద్ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో దశాబ్దాలపాటు పెద్ద పెద్ద బిల్డింగులు లేవలేదు. కాలేజీలు, రిసార్టులు, ఫామ్‌హౌసులు వచ్చాయి. అన్నీ విశాలమైన స్థలాలే, బిల్డింగుకీ బిల్డింగుకీ మధ్య బోలెడంత ఖాళీ. రాగి కేబుల్ మీద ఈథర్‌నెట్‌కి 100 మీటర్లే హద్దు. కాబట్టి ఇక్కడ కాస్త పెద్ద క్యాంపస్ ఏదైనా సరే, ఫైబర్ లేకుండా పని జరగదు. (పైగా పిడుగులొకటి. బయట నేల మీద లాగిన రాగి కేబుల్ వానాకాలంలో రెండు చివర్ల స్విచ్‌లనీ కాల్చేయగలదు. ఇనుప కవచం లేని ఫైబర్‌కి ఆ బాధ లేదు, గాజులో కరెంటు పారదు కదా.)

అలాంటి ఒక కాలేజీ సంగతి చెప్తాను. పేరు అనవసరం. ఆఫీసు బిల్డింగ్ నుంచి ల్యాబుల బ్లాకుకి 180 మీటర్లు. 2000ల్లో వేసిన ఆరంజి రంగు 62.5 మైక్రాన్ల మల్టీమోడ్ కేబుల్, అంటే ఓఎం1. ఒక గిగాబిట్ ఇన్నేళ్ళూ హాయిగా నడిచింది. ఇప్పుడు ఆన్‌లైన్ పరీక్షలు, సీసీ కెమెరాలు, అన్నీ కలిపి 10 గిగాబిట్ కావాల్సి వచ్చింది. మామూలు 10జీ-ఎస్ఆర్ మాడ్యూల్ ఓఎం1 మీద ఎంత దూరం పోతుందో తెలుసా? 33 మీటర్లు. అదే గాజు మీద ఎఫ్‌డీడీఐ రోజుల్లో 100 మెగాబిట్లు 2 కిలోమీటర్లు పోయేవి. గిగాబిట్‌కి అది 275 మీటర్లకి దిగింది. స్పీడు పెరిగినకొద్దీ కాళ్ళు పొట్టివైపోతున్నాయన్నమాట.

కారణం కష్టమేమీ కాదు. మెహదీపట్నంలో ఒకేసారి బయల్దేరిన పదిమంది చేవెళ్ళకి వెళ్ళాలనుకోండి. ఒకడు తిన్నగా రోడ్డు మీద పోతాడు. ఇంకొకడు వీసా బాలాజీని చూసుకుని చిలుకూరు మీదుగా వస్తాడు. మరొకడు శంకర్‌పల్లి చుట్టి వస్తాడు. ఒకేసారి బయల్దేరినా చేరేది మాత్రం తలోసారి. ఈలోగా వెనక బయల్దేరిన రెండో బ్యాచ్‌లో ముందు వచ్చినవాళ్ళు మొదటి బ్యాచ్‌లో కలిసిపోతారు. మల్టీమోడ్‌లో కాంతికి ఇలా చాలా దారులుంటాయి. 10జీలో ఒక బిట్‌కీ తర్వాతి బిట్‌కీ మధ్య ఎడం సుమారు 100 పికోసెకన్లే కాబట్టి కాస్త దూరం పోగానే ఏది ఏదో తెలీదు. సింగిల్ మోడ్‌లో కోర్ 9 మైక్రాన్లే, దారి ఒక్కటే, ఈ గొడవే లేదు.

ఇక ఆ కాలేజీకి వచ్చిన కొటేషన్ చూడండి. మళ్ళీ కందకం తవ్వి ఓఎం4 మల్టీమోడ్ వేయమని! ల్యాబ్ చూసుకునే పెద్దాయన కూడా "పాతది ఇరవై ఏండ్లు నడిచింది గద సార్, మళ్ళ గసొంటిదే ఏస్తే ఏమైతది?" అన్నారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఓఎం4 మీద 10జీ 400 మీటర్లు పోతుంది, ఇవాళ్టికి సరిపోతుంది. కానీ 100జీ-ఎస్ఆర్4 ఓఎం4 మీద పోయేది 100 మీటర్లు. 180 మీటర్ల దారికి ఇంకో పదేళ్ళకి మళ్ళీ జేసీబీని పిలవాలి. అదే గోతిలో సింగిల్ మోడ్ వేస్తే 10జీ-ఎల్ఆర్ 10 కిలోమీటర్లు, 100జీ-ఎల్ఆర్4 కూడా 10 కిలోమీటర్లే. రెండు చివర్లా మాడ్యూళ్ళు మారుస్తూ పోవడమే, నేలని ముట్టుకోనక్కర్లేదు.

"సింగిల్ మోడ్ ఖరీదు కదా" అంటారు. కేబుల్ ఖరీదు కాదు, ఓఎం4 కన్నా చవక. ఖరీదైనవి దాని చివర పెట్టే లేజర్లు. 9 మైక్రాన్ల కన్నంలోకి కాంతిని గురిపెట్టాలి కాబట్టి అప్పట్లో ఆ తేడా బాగా ఉండేది. 10జీలో ఆ తేడా ఇప్పుడు చాలా తగ్గిపోయింది. నాలుగైదు లింకులున్న క్యాంపస్‌లో ఆ తేడా మొత్తం కందకం తవ్వే కూలి ముందు దిగదుడుపే.

పెద్దవాళ్ళు ఈ లెక్క ఎప్పుడో వేసుకున్నారు. ఫేస్‌బుక్ 2017లో తన డేటా సెంటర్లలో 100జీకి సింగిల్ మోడ్‌ని ఎంచుకున్నామని, 500 మీటర్ల దూరానికి సరిపోయేలా చవకైన మాడ్యూల్ చేయించుకున్నామని బయటికే చెప్పింది. కనకమామిడి నుంచి చేవెళ్ళ దాటి ఇంకాస్త పోతే షాబాద్ మండలం చందన్‌వెల్లిలో అమెజాన్ డేటా సెంటరే ఉంది. 2022 నవంబరులో మొదలైన వాళ్ళ హైదరాబాద్ రీజియన్‌లో అదొక భాగం. అలాంటి హాళ్ళ సైజు చూస్తే "దగ్గర" అన్న మాటకి అర్థం ఎంత మారిపోయిందో తెలుస్తుంది.

మల్టీమోడ్ చచ్చిపోయిందని నేననను. ఒకే ర్యాకులోనో పక్క ర్యాకుకో వెళ్ళే లింకులకి, ఇప్పటికే మంచి ఓఎం3, ఓఎం4 వేసి ఉన్నచోట, స్టోరేజ్ స్విచ్‌ల దగ్గర అదే మేలు. మాడ్యూళ్ళు చవక, కరెంటూ తక్కువ తింటాయి. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. 50 మైక్రాన్ల కోర్ కాస్త దుమ్ముని ఓర్చుకుంటుంది, 9 మైక్రాన్లది ఓర్చుకోదు. చేవెళ్ళ రోడ్డు దుమ్ములో ఇది చిన్న విషయమేం కాదు. మూత తీసిన ప్రతిసారీ క్లీనర్ పెన్నుతో తుడిచి పెట్టడం తప్ప దారి లేదు.

ప్యాచ్ కార్డ్ దగ్గర జరిగే అసలు తమాషా ఏమిటంటే, రెండింటి గాజూ బయటికి 125 మైక్రాన్లే, కనెక్టరూ ఒకటే. ఎందులోదైనా ఎందులోనైనా టక్కుమని కూర్చుంటుంది. ఆ కాలేజీలో ఆరంజి కేబుల్‌కి ఒక చివర ఎవరో పసుపు కార్డ్ తగిలించారు. 9 నుంచి 62.5లోకి కాంతి సాఫీగా పోయింది. తిరుగుదారిలో 62.5 నుంచి 9లోకి దూరేది వైశాల్యం లెక్కన రెండు శాతమే, అంటే దాదాపు 17 డెసిబెల్స్ నష్టం. ఒక పక్క లైటు వెలుగుతుంది, రెండో పక్క వెలగదు. రెండ్రోజులు స్విచ్‌ని తిట్టారు పాపం.

అన్నట్టు, ఈ రెండింటికీ పద్ధతిగా పెళ్ళి చేసే మోడ్ కండిషనింగ్ ప్యాచ్ కార్డ్ ఒకటుంది. దాంతో 10జీ-ఎల్ఆర్ఎం మాడ్యూల్ పాత ఓఎం1 మీద కూడా 220 మీటర్లు పోతుంది. ఆ కాలేజీ ఇప్పటికి దాంతోనే పరీక్షలు గట్టెక్కించింది. సెలవుల్లో 12 కోర్ల సింగిల్ మోడ్ వేస్తున్నారు.

మన ఐటీ జనంలో ఈ వైపు ఫామ్‌హౌసులు కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. గేటు దగ్గర కెమెరాకి 200 మీటర్లు లాగాలంటే రెండు కోర్ల సింగిల్ మోడ్ వేయించండి. 1310/1550 మీడియా కన్వర్టర్ల జత పెడితే ఒక్క కోర్ మీదే నడుస్తుంది, రెండోది స్పేర్. కొనేటప్పుడు రంగుని నమ్మకండి, జాకెట్ మీద 9/125 అని ఉందో 50/125 అని ఉందో చదవండి. ఇంటర్నెట్ వాడు ఇంట్లో వదిలేసిన ఆకుపచ్చ కనెక్టర్ కార్డ్‌ని వీటికి వాడకండి. దాని మొన 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలం దాంతో సరిగా ఆనదు. వెలుగుతోందో లేదో చూద్దామని మాత్రం కొసలోకి కన్ను పెట్టకండి, అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు.