దేవాలయవేదికపై సంసారనాటిక

ఉత్సవకాలం సమీపించగానే దేవాలయములలో ఒక చర్చ తప్పక వస్తుంది. సాయంకాలం ఏ నాటకం ఆడించాలి? పౌరాణికమైతే ఎవరికీ అభ్యంతరం లేదు. దంపతుల ప్రణయం, అత్తాకోడళ్ల వైమనస్యం, వృద్ధమాతను కుమారులు నెలకొకరుగా వంతులు వేసుకొని పోషించుట వంటి ఇతివృత్తంతో అరగంట లఘునాటిక ప్రదర్శిస్తామని యువకులు వస్తే మాత్రం, దైవసన్నిధిలో సంసారపు గొడవలు ఎందుకని పెద్దలు నిరాకరిస్తారు. బాల్యం నుండి వేదాధ్యయనంలోను, తదనంతరం అర్చకత్వంలోను జీవితం గడిపిన నేను ఆ నిరాకరణతో ఏకీభవించలేను. అటువంటి నాటికకు దేవాలయవేదికపై స్థానం ఉన్నది. అయితే దానికి ఒక నియమం కూడ ఉన్నది. ఆ నియమమును మన సంప్రదాయమే బోధిస్తున్నది.

మొదట భగవంతుడే ఆడిన నాటికను స్మరిద్దాం. శ్రీరంగక్షేత్రంలో ఫాల్గుణ బ్రహ్మోత్సవములలో రంగనాథుడు ఉరైయూరుకు వేంచేసి కమలవల్లీ నాచ్చియారుతో కల్యాణసేవ అందుకుంటాడు. తిరిగి వచ్చిన స్వామికి ఉత్తరానక్షత్రం నాడు శ్రీరంగనాయకి ద్వారం మూసివేస్తుంది. అమ్మవారి పక్షాన నిష్ఠూరములు, స్వామి పక్షాన సమాధానములు, శపథములు భక్తుల సమక్షంలోనే పఠించబడతాయి. చివరకు నమ్మాళ్వారు మధ్యస్థులై సంధి కుదురుస్తారు. తిరుమలలోను వైకుంఠ ఏకాదశి తరువాత కొన్ని దినములకు ప్రణయకలహోత్సవం జరుగుతుంది. మలయప్పస్వామి ఒకవైపు, ఉభయ నాచ్చియార్లు ఎదురుగా నిలువగా అమ్మవార్ల పక్షం నుండి పుష్పకందుకములు స్వామిపై విసురుతారు. స్వామి వెనుకకు తగ్గుతాడు. ఇది లఘునాటిక కాక మరేమిటి?

ఇందులో గమనించదగిన విషయం ఒకటున్నది. అమ్మవారి ఫిర్యాదు సంపూర్ణంగా వినబడుతుంది. సర్వలోకేశ్వరుడు తన ఐశ్వర్యమును చూపి ఆమె నోరు మూయించడు, మూసిన ద్వారం వెలుపల నిలిచి సమాధానం చెప్పుకుంటాడు. అటుపిమ్మటనే ఇరువురకు ఏకాసనసేవ. భగవద్రామానుజులు గద్యత్రయమును విన్నవించినది ఆ దివ్యదంపతుల ఏకాసనసన్నిధిలోనే అని సంప్రదాయం. శరణాగతికి పూర్వరంగం ఒక దంపతుల కలహమూ, దాని పరిష్కారమూ కావడం యాదృచ్ఛికం కాదని నా విశ్వాసం.

ఇక శాస్త్రం. భరతముని చెప్పిన దశరూపకములలో వ్యాయోగం, భాణం, వీథి, ఉత్సృష్టికాంకం ఏకాంకములు. అనగా లఘునాటిక నేటి యువకుల కల్పన కాదు. 1912 నుండి తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రిగారు ప్రకటించిన రూపకములలో, భాసకృతమని ప్రసిద్ధి పొందిన మధ్యమవ్యాయోగం ఒకటి. అందులో కేశవదాసుడనే బ్రాహ్మణుడు భార్యతోను, ముగ్గురు కుమారులతోను అరణ్యమార్గంలో ప్రయాణిస్తుండగా ఘటోత్కచుడు అడ్డగిస్తాడు. వ్రతపారణకు ఒక మనుష్యుని తెమ్మని తల్లి హిడింబ ఆజ్ఞ. తండ్రి, తల్లి, ముగ్గురు పుత్రులు అందరూ తామే వెళ్తామంటారు. వృద్ధుడు పనికిరాడు, స్త్రీ పనికిరాదు. తండ్రి జ్యేష్ఠుని విడువలేడు. తల్లి కనిష్ఠుని విడువలేదు. మిగిలినవాడు మధ్యముడు. ఆ బాలుడు ప్రాణత్యాగానికి సంతోషంగానే సిద్ధపడతాడు. కాని తనను ఎవరూ పట్టుకొని ఆపలేదన్న సంగతి ప్రేక్షకుని హృదయమును కోయక మానదు. పిమ్మట అతడు నీటికై వెళ్లి ఆలస్యం చేయగా ఘటోత్కచుడు "మధ్యమా!" అని పిలుస్తాడు. ఆ పేరు తనదేనని కుంతీపుత్రులలో మధ్యముడైన భీమసేనుడు వస్తాడు, బాలునికి బదులుగా తానే వెళ్తాడు. హిడింబ భర్తను గుర్తిస్తుంది. చిరకాలం దూరమైన పతిని రప్పించుటకే ఆమె ఈ ఉపాయం పన్నినదని కవి సూచన. పుత్రవాత్సల్యం, భ్రాతృస్నేహం, మాతృభక్తి, దాంపత్యవిరహం అన్నీ ఒక్క అంకంలో ఇమిడినవి.

వేదాధ్యాయులకు ఈ కథ వినగానే ఐతరేయబ్రాహ్మణంలోని శునఃశేపోపాఖ్యానం స్ఫురిస్తుంది. క్షుధార్తుడైన అజీగర్తుడు జ్యేష్ఠుని ఇవ్వనన్నాడు, తల్లి కనిష్ఠుని ఇవ్వనన్నది. మధ్యముడైన శునఃశేపుడు నూరు గోవులకు విక్రయింపబడినాడు. దేవతలను స్తుతించి పాశవిముక్తుడైన తరువాత అతడు తండ్రి వద్దకు మరలిపోలేదు, విశ్వామిత్రునికి పుత్రుడైనాడు. ఈ ఆఖ్యానమును రాజసూయంలో అభిషిక్తుడైన రాజుకు హోత వినిపించాలని విధి. పుత్రకాములు కూడ దీనిని చెప్పించుకొని వినవలెనని శ్రుతి చెబుతున్నది. ఎంత గంభీరమైన ఏర్పాటో ఆలోచించండి! పుత్రుని కోరేవాడు ముందుగా పుత్రుని అమ్ముకున్న తండ్రి కథ వినాలి. కుటుంబంలోని అధర్మమును యజ్ఞశాలలోనే వినిపించిన సంప్రదాయం మనది. ఆలయమండపంలో అది నిషిద్ధమెట్లా అవుతుంది?

ఇప్పుడు నియమం సంగతి. శ్రీరంగంలో రంగనాయకి, అరణ్యంలో మధ్యముడు, యూపస్తంభం వద్ద శునఃశేపుడు: ఇంటిలో ఎవరి మాట వినబడకుండా పోయే ప్రమాదం ఉన్నదో, వారి మాటను ఈ కథలు వినిపిస్తున్నవి. ఎవరినీ హాస్యానికి బలి ఇవ్వలేదు. భాసుని చేతిలో రాక్షసపుత్రుడు కూడ మాతృవాక్యపాలకుడే. నేటి నాటికలు పలుమార్లు దీనికి విరుద్ధంగా నడుస్తున్నవి. ఒకదానిలో అత్త రాక్షసి, ఒకదానిలో కోడలు రాక్షసి, మరొకదానిలో విదేశంలోని కుమారుడు హృదయం లేనివాడు. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి, దోషం పొరుగింటిదని తృప్తిపడి వెళ్లిపోతాడు. అటువంటి నాటికను నేనూ అంగీకరించను. నా అభ్యంతరం అందులో సంసారం ఉన్నందుకు కాదు, సంసారమును సగమే చూపినందుకు. ఇరుపక్షములను విననిదే శ్రీరంగంలోనే సంధి కుదరలేదు, మన ఇండ్లలో ఎట్లా కుదురుతుంది?

దేవాలయానికి వచ్చేది వైరాగ్యం కొరకు, ప్రణయకథలు మోహమునే పెంచుతాయి కదా అని సాధకులు అడుగవచ్చు. సహేతుకమైన ప్రశ్నయే. కాని బృహదారణ్యకోపనిషత్తులో ఆత్మోపదేశం ఎక్కడ జరిగినదో గుర్తుచేసుకోండి. సన్న్యసించబోతున్న యాజ్ఞవల్క్యుడు మైత్రేయీ కాత్యాయనులకు విత్తం విభజిస్తానన్నప్పుడు, ఒక గృహంలో, భర్తకూ భార్యకూ మధ్య జరిగినది. పతియందు, జాయయందు, పుత్రులయందు మనకు కలిగే ప్రియత్వమునకు ఆత్మయే మూలమని మహర్షి బోధించినాడు. ప్రేమను త్రోసిపుచ్చి కాదు, ప్రేమను పరిశీలించి ఆయన ఆత్మను చూపినాడు. మంచి కుటుంబనాటిక చేయగలిగినదీ ఆ పరిశీలనకు ప్రేక్షకుని సిద్ధం చేయడమే. తన ఇంటిలో తాను ఎవరిని ప్రేమిస్తున్నాడో, ఆ ప్రేమలో తన స్వార్థం ఎంతో చూచుకోలేనివానికి వైరాగ్యం మాటగానే మిగులుతుంది.

కనుక ఆలయనిర్వాహకులకు నా విన్నపం ఇది. సాయంకాలపూజ ముగిసిన తరువాత, ఏకాంతసేవకు ముందు, అరగంట సమయం ఆ యువకులకు ఇవ్వండి. ఇతివృత్తం ఏదని కాక, అందులో మౌనంగా ఉన్నవారు ఎవరు, వారికి మాట ఇచ్చినారా అని అడగండి. నాటికలు వ్రాసే యువకులకు ఒక సూచన కూడ చేస్తాను. ఉపనిషత్తులోని ఆ సంవాదంలో కాత్యాయని ఒక్క మాటైనా పలుకలేదు. శ్రుతి దృష్టి బ్రహ్మవిద్యపై ఉన్నది కనుక అది యుక్తమే. కాని భర్త వెళ్లిపోతున్న ఆ దినం, లోపల వంటయింటిలో ఉన్న ఆ గృహిణి ఏమనుకున్నదో శ్రద్ధతో, భక్తితో వ్రాసి తీసుకొనిరండి. ప్రదర్శన నాడు ముందు వరుసలో కూర్చొని చూస్తాను.