దూడకు ముర్రుపాలు, బిడ్డకు తేనెచుక్క

గేదె ఈనిన ఇంట్లో ఆ రోజు పండగే. దూడ తాగగా మిగిలిన పాలలో బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచుతారు. ముర్రుపాలు తాగని దూడ బతకడం కష్టమని ఏ రైతుకూ ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే ఇంట్లో కోడలు ప్రసవిస్తే, తొలి మూడు రోజుల చిక్కటి పసుపుపాలను 'చెడ్డపాలు' అని పిండి పారబోయించడం, బిడ్డ నాలుకకు తేనె రాయడం, చక్కెరనీళ్లో గాడిదపాలో పట్టడం చూస్తూ పెరిగాను నేను.

ఆ పెద్దవాళ్లు బిడ్డ చెడు కోరలేదు. రంగు చూశారు, చిక్కదనం చూశారు, చీములా ఉందనుకున్నారు. చూసింది నిజమే, తేల్చిందే తప్పు. ఆ పసుపు బీటా కెరోటిన్‌ది. ముర్రుపాలలో దండిగా ఉండే రోగనిరోధక ప్రోటీన్లు పసికందు పేగుల లోపలి పొరను కాచుకుంటాయి. కడుపులోని నల్లటి తొలి మలం బయటికి పోవడానికీ ఈ పాలే సాయపడతాయి. ఆ పని కోసమే మన ఇళ్లలో ఆముదం పట్టేవారు!

ఈ పొరపాటు మన ఇళ్లదే కాదు. పాలు మూడో నాలుగో రోజుకు వస్తాయని, అప్పటిదాకా తేనె, నెయ్యి ఇవ్వమని ప్రాచీన వైద్య గ్రంథం సుశ్రుత సంహిత చెప్పింది. రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన సొరేనస్ ఇంకా ముందుకెళ్లి, ఇరవై రోజుల వరకూ తల్లిపాలు వద్దన్నాడు. సూక్ష్మజీవులంటే ఏమిటో తెలియని కాలం వాళ్లది, వాళ్లను నిందించను. కానీ 1748లోనే ఇంగ్లండులో విలియం కడోగన్ అనే వైద్యుడు పుట్టిన బిడ్డకు తల్లి తొలిపాలు దక్కకుండా చేయకూడదని రాశాడు. ఆ తర్వాత కూడా పాత గ్రంథాన్నే పట్టుకు వేలాడటాన్ని మాత్రం క్షమించలేను.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒకటుంది. ఈ ఆచారం తన రుజువును తానే పుట్టించుకుంటుంది. బిడ్డ చీకేకొద్దీ తల్లికి పాలు ఊరతాయి. తేనె, చక్కెరనీళ్లతో ఆకలి చచ్చిన బిడ్డ రొమ్ము పట్టదు. పట్టకపోతే పాలు ఆలస్యమవుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు 'చూశావా, దీనికి పాలు పడలేదు' అంటారు. నిజానికి మొదటి రోజు వచ్చేవి కొద్ది చెంచాలే. పసికందు చిన్ని పొట్టకు అవి చాలు. లోటు లేనిచోట లోటు కల్పించి, దాన్ని ఆ తల్లి తలరాత చేస్తున్నాం.

'మేమంతా తేనె నాకే పెరిగాం, ఏమైంది?' అని అడుగుతారు. పెరగనివాళ్లు ఈ సాక్ష్యం చెప్పడానికి రాలేరు కదా. తేనెలో ఉండగల బోట్యులిజం క్రిమి బీజాలు పెద్దవాళ్లను ఏమీ చేయకపోవచ్చు. ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తే కండరాలు చచ్చుబడతాయి. ఘనాలో దాదాపు పదకొండు వేలమంది శిశువులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం, పుట్టిన గంటలోపే అందరికీ తల్లిపాలు మొదలుపెడితే నెలలోపు మరణాల్లో 22 శాతం తప్పించవచ్చని అంచనా వేసింది. ఒక్క గంట. పైసా ఖర్చు లేదు.

ఆసుపత్రి కాన్పులతో ఇదంతా పోయిందనుకుంటే పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. గంటలోపు తల్లిపాలు మొదలైన పిల్లలు మాత్రం 41.8 శాతం. ముహూర్తం చూసి కోత కోయించుకునే కుటుంబాలు, ఆ తర్వాతి గంట గురించి ఎవరినీ అడగవు.

మా అక్క కూతురికి ఆపరేషన్ చేసినరోజు బిడ్డను వేరే గదిలో ఉంచి డబ్బాపాలు కలుపుతున్నారు. ఎందుకమ్మా అంటే, 'తల్లికి పాలు పడలేదండీ' అంది నర్సు. మా నాయనమ్మ నోట చిన్నప్పుడు విన్న మాటే అది, అక్షరం తేడా లేదు. బిడ్డను తెచ్చివ్వమని పట్టుబట్టాం. కూతురిని మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టి, మా అక్క బిడ్డను పట్టుకుంది. రెండు మూడు సార్లు తడుముకుని బిడ్డ రొమ్ము పట్టింది. అప్పటిదాకా నొప్పికి కళ్లు మూసుకునే ఉన్న ఆ పిల్ల కళ్లు తెరిచి, 'తాగుతున్నాడా అమ్మా?' అని అడిగింది.