ఏకదేవుణ్ణి అఖెనతెన్ ఖాతాలో వేయకండి

ఒకే దేవుడన్న నమ్మకం ఈజిప్టు రాజు అఖెనతెన్‌తో మొదలైందనీ, మోషే దాన్ని అక్కణ్ణుంచి తెచ్చి యూదులకు అప్పగించాడనీ చదువుకున్నవాళ్లు చాలామంది నమ్ముతారు. 1939లో వచ్చిన తన మోషే పుస్తకంతో ఫ్రాయిడ్ ఈ వాదానికి పెద్ద పేరు తెచ్చిపెట్టాడు. మన హేతువాద చర్చల్లో ఇది ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. మీ దేవుడు అరువు సరుకు అని భక్తుడి నోరు మూయించడానికి అక్కరకొస్తోంది. నేను భక్తుడికి వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఈ వాదం చరిత్రగానే నిలబడదంటున్నాను.

క్రీ.పూ. 14వ శతాబ్దంలో అఖెనతెన్ గుళ్ల గోడల మీద అమున్ దేవుడి పేరును ఉలితో చెరిపించాడు. సూర్యబింబమైన అతెన్ కోసం అమార్నాలో కొత్త రాజధాని కట్టించాడు. ఇదంతా నిజమే. అయితే ఆ దేవుణ్ణి ఎరిగినవాడు రాజొక్కడే. జనం రాజకుటుంబాన్ని పట్టుకుని ఆయన్ను చేరాలి. అమార్నాలో మామూలు ఇళ్లు తవ్వితే కాన్పులను కాపాడే బేస్, తవెరెత్ దేవతల తాయెత్తులు దొరికాయి. రాజు కళ్లముందే జనం పాత వేల్పులను వదల్లేదన్నమాట. అతను పోయిన కొన్నేళ్లకే టుటన్‌ఖమున్ పాత గుళ్లను నిలబెట్టాడు. సొంత గడ్డ మీదే బతికి బట్టకట్టని మతం సినాయి ఎడారి ఎలా దాటింది?

అతెన్ స్తోత్రానికీ బైబిలులోని 104వ కీర్తనకూ పోలికలు చూపిస్తారు. ఉన్నాయి. చీకటి పడితే సింహాలు బయటికి రావడం, తెల్లారితే మనిషి పనికి పోవడం రెండిట్లోనూ ఉంది. వర్ణన చేతులు మారినంత మాత్రాన మతం చేతులు మారినట్టు కాదు.

మోషే ముందే అంతా ఇచ్చేసి ఉంటే, ఇశ్రాయేలీయులు శతాబ్దాల తరబడి ఎవరిని కొలిచారు? 1975-76లో సినాయిలోని కుంతిల్లెత్ అజ్రూద్‌లో తవ్వితే క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి పెద్ద మట్టి జాడీలు బయటపడ్డాయి. వాటి మీది దీవెనలు యెహోవా పేరిట, ఆయన అషేరా పేరిట ఉన్నాయి. అషేరా అంటే దేవతా, ఆమె గుర్తుగా నిలిపే కొయ్యా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. ఏదైనా యెహోవా ఒంటరిగా లేడు. ఆదినుంచీ అందరూ ఒక్కణ్ణే కొలిచారనే భక్తుడి కథకూ ఈ జాడీలు అడ్డమే.

క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టింది. ఆ తరవాత ఈజిప్టుకు పారిపోయినవాళ్లు యిర్మీయా ప్రవక్తను ముఖం మీదే నిలదీశారు. ఆకాశరాణికి ధూపం వేసినన్నాళ్లు కడుపునిండా తిన్నాం, మానేశాకే ఈ గతి పట్టింది అన్నారు. వాళ్ల మాటను బైబిలు దాచలేదు. నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం అదే. జరిగిన నాశనం ఒక్కటే; దాని అర్థం మీద జనం రెండుగా చీలారు. ప్రవక్తల పక్షం తెగించి మాట్లాడింది: మా దేవుడు ఓడలేదు, బబులోనును మా మీదికి రప్పించింది ఆయనే. ఆ మాట అన్నాక బబులోను దేవుడు మర్దూకుకు చేయడానికి పనేం మిగిలింది? క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు. అతణ్ణి మర్దూకు ఎన్నుకున్నాడని అక్కడి మట్టి శాసనం చెబుతుంది. యెహోవా ఎన్నుకున్నాడని యెషయా గ్రంథం 45వ అధ్యాయం చెబుతుంది. మరో దేవుడే లేడన్న మాట ఆ అధ్యాయంలో పదేపదే వస్తుంది. రాజ్యం, గుడి, ఊరు పోగొట్టుకున్నవాళ్లు తమలో తాము పోట్లాడుకుని తేల్చుకున్న మాట అది. వాళ్ల కష్టాన్ని ఒక ఈజిప్టు రాజుకు జమ కట్టడం అన్యాయం.

ఆ తరవాతైనా అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. అస్వాన్ దగ్గర నైలు నదిలో ఎలిఫెంటైన్ అనే దీవి ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో పారశీకుల కొలువులోని యూదు సైనికులు అక్కడ కుటుంబాలతో ఉండేవారు. యాహో అనే పేరుతో యెహోవాకు గుడి కట్టుకున్నారు. 410లో ఈజిప్టు దేవుడు ఖ్నూము పూజారుల పంతం వల్ల ఆ గుడి నేలమట్టమైంది. సాయం కోరుతూ యెరూషలేము ప్రధాన యాజకుడికే ఉత్తరం రాశారు, జవాబు రాలేదు. 407లో యూదయ అధిపతికి అర్జీ పెట్టుకున్నారు. తాము దారి తప్పామని వాళ్లెక్కడా అనుకోలేదు. వాళ్ల పపైరస్ చుట్టల్లో క్రీ.పూ. 400 ప్రాంతపు చందాల జాబితా ఒకటి ఉంది. తలకు రెండు షెకెళ్ల వెండి; ఇచ్చినవాళ్లలో ఆడవాళ్లూ చాలామందే. పైన మాత్రం యాహో దేవుడికని రాశారు. కింద లెక్క తేల్చేసరికి యాహోకు 126 షెకెళ్లు, ఎషెమ్-బేతేలు అనే మరో దేవుడికి 70, అనత్-బేతేలు దేవతకు 120.

అఖెనతెన్ పోయి తొమ్మిది వందల ఏళ్లు దాటాక, అదే ఈజిప్టులో, మోషే దేవుణ్ణి కొలిచేవాళ్లు రాసుకున్న పద్దు ఇది. ఫ్రాయిడ్‌ను నమ్మేవాళ్లు ముందు ఆ 120 షెకెళ్లకు లెక్క చెప్పాలి.