రెగేకి ఓ అన్నయ్య వున్నాడు!

జమైకా అనగానే మీకేం గుర్తొస్తుంది? క్రికెట్ పిచ్చి వున్నవాళ్లయితే మైకేల్ హోల్డింగ్, కోర్ట్నీ వాల్ష్, క్రిస్ గేల్ అంటారు. పాటల పిచ్చి వున్నవాళ్లు మాత్రం ఒకే ఒక్క పేరు చెబుతారు... బాబ్ మార్లీ! జడలు కట్టిన జుట్టు, చేతిలో గిటారు. ఆ బొమ్మ వున్న బనీను ఒక్కటైనా లేని కాలేజీ హాస్టలు మన రాష్ట్రాల్లో వుందంటే నేను నమ్మను. 2024లో ఆయన జీవితం మీద 'బాబ్ మార్లీ: వన్ లవ్' అని సినిమా కూడా వచ్చింది కదా.

ఆ సినిమా చూసిన ఓ పాఠక మిత్రుడు నాకు ఉత్తరం రాశాడు. "రెగే సంగీతాన్ని మార్లీయే కనిపెట్టాడు కదా సార్?" అని. కాదు బాబూ, కాదు! మార్లీ గొప్పవాడే, అందులో సందేహం లేదు. కానీ రెగే పుట్టేనాటికే ఆ ఇంట్లో ఇద్దరు అన్నలు తిరుగుతున్నారు. పెద్దవాడి పేరు స్కా. నడిపివాడి పేరు రాక్‌స్టెడీ. ఈ వారం కబుర్లన్నీ ఆ పెద్దవాడి గురించే. ఎందుకంటారా? తమ్ముడికి దక్కిన పేరులో పదో వంతు కూడా అన్నయ్యకు దక్కలేదు. ఆ అన్నయ్యకి వూపిరి పోసిన వాళ్లకైతే అసలే దక్కలేదు.

మైకు సెట్ల యుద్ధం

1950లలో జమైకా ఇంకా తెల్లదొరల ఏలుబడిలోనే వుంది. రాజధాని కింగ్‌స్టన్‌లో పెద్ద హోటళ్లుండేవి, వాటిల్లో బ్యాండు మేళాలుండేవి. అవన్నీ డబ్బున్న వాళ్లకి. మరి పేటల్లో వుండే కూలీనాలీ జనం సంగతి? వాళ్ల కోసం పుట్టిందే 'సౌండ్ సిస్టమ్'. బీరువాలంత స్పీకర్లు, ఒక యాంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు... ఇవన్నీ బండికెక్కించి ఖాళీ స్థలంలో దించడం, టిక్కెట్టు పెట్టి తెల్లవార్లూ డాన్సులు! మన వూళ్లలో పెళ్లికీ, వినాయక చవితికీ మైకు సెట్టు పెడతాం చూడండి, అలాంటిదే. కాకపోతే అక్కడ మైకు సెట్టే అసలు పండగ.

ఈ రంగంలో మహామహులు ముగ్గురు. మొదటివాడు డ్యూక్ రీడ్. ఒకప్పుడు పోలీసు, తర్వాత మద్యం దుకాణం పెట్టాడు. నడుముకి తుపాకులు కట్టుకుని మరీ డాన్సుకొచ్చేవాడు! రెండోవాడు క్లెమెంట్ డాడ్. బడిలో వుండగా క్రికెట్ బాగా ఆడేవాడని యార్క్‌షైర్ ఆటగాడు కాక్సన్ పేరు తగిలించారు తోటి పిల్లలు. అదే చివరికి 'సర్ కాక్సన్' అయి కూర్చుంది. మూడోవాడు ప్రిన్స్ బస్టర్. బాక్సింగ్ నేర్చిన కుర్రాడు. మొదట కాక్సన్ దగ్గర పనిచేసి, తర్వాత సొంత దుకాణం తెరిచాడు.

వీళ్ల పోటీ అంతా రికార్డుల దగ్గరే. అమెరికా నుంచి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు తెచ్చేవాళ్లు. ఎవరి దగ్గర ఎవరికీ దొరకని పాటుంటే వాళ్ల డాన్సుకే జనం. అందుకని రికార్డు మీద లేబుల్ గీకేసేవాళ్లు, పాట పేరు పక్కవాడికి తెలియకుండా! కాక్సన్ అయితే విల్లిస్ జాక్సన్ అనే అమెరికన్ శాక్సోఫోన్ విద్వాంసుడి రికార్డు ఒకటి తెచ్చి, దానికి 'కాక్సన్ హాప్' అని తన పేరే పెట్టేసుకున్నాడు. డ్యూక్ రీడ్ పట్టు వదలకుండా వెతికి వెతికి అసలు రికార్డు సంపాదించి, తన డాన్సులో మోగించేదాకా నిద్రపోలేదు. ఎలా వుంది వరస?

ఇంతలో అమెరికాలో గాలి మారింది. అక్కడి కుర్రకారు రాక్ అండ్ రోల్ వెంట పడ్డారు. కింగ్‌స్టన్ జనానికి నచ్చే పాత బాణీ రికార్డులు రావడం తగ్గిపోయింది. "బజార్లో దొరక్కపోతే ఇంట్లో వండుకుందాం" అనుకున్నారు మన మైకు సెట్ల దొరలు. స్థానిక పాటగాళ్లని, వాయిద్యగాళ్లని పోగేసి సొంతంగా రికార్డింగులు మొదలెట్టారు. కథ మలుపు తిరిగింది అక్కడే.

తిరగబడిన తాళం

స్కా అంటే ఏమిటో మాటల్లో చెప్పడం కష్టం. ఓ పని చెయ్యండి. బల్ల మీద చేత్తో సమానంగా నాలుగు దెబ్బలు వెయ్యండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అలా వేస్తూనే, చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ నోటితో 'చక్' అనండి. దెబ్బకీ దెబ్బకీ మధ్యన ఆ 'చక్' పడాలి. పడిందా? అదీ స్కా! మామూలు పాటలో దెబ్బ మీద పడే బలం, ఇక్కడ దెబ్బల మధ్య సందులో పడుతుంది. గిటారు, పియానో, కొన్నిసార్లు బాకాలు కూడా ఆ సందులోనే తెగించి దూకుతాయి. వింటున్న వాడి మోకాళ్లు వాడి మాట వినవు, అవే ఎగురుతాయి.

ఈ నడక ఒక్క రోజులో రాలేదు. అమెరికన్ బూగీ పియానోలో ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ ఆడే దాగుడుమూతలున్నాయి. జమైకా పల్లెల్లో పాడుకునే మెంటో పాటల బాంజో వుంది. జాజ్ బాకాలున్నాయి. పియానో వాయించిన థియోఫిలస్ బెక్‌ఫర్డ్ పాడిన 'ఈజీ స్నాపిన్' 1959లో విడుదలైంది. స్కా అడుగుల చప్పుడు అందులోనే వినబడింది అంటారు చాలామంది. 'స్కా' అన్న పేరెలా వచ్చిందన్న దానికి ఒకటికి నాలుగు కథలున్నాయి. గిటారు తీగె మీద చెయ్యి పడి ఠక్కున ఆగితే వచ్చే చప్పుడే ఆ పేరన్నది నాకు నచ్చిన కథ.

1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. డెరిక్ మోర్గన్ 'ఫార్వర్డ్ మార్చ్' అని పాడాడు. కొత్త దేశానికి కొత్త పాట కావాలి కదా. పేటల్లో పుట్టిన స్కా దేశం మొత్తానికీ పాటైపోయింది.

సినిమా పిచ్చిలో మనకి తమ్ముళ్లే

ఇది సినిమా పత్రిక కాబట్టి ఈ ముచ్చట చెప్పకపోతే ఎలా? కింగ్‌స్టన్ కుర్రాళ్లకి సినిమా పిచ్చి మామూలుగా వుండేది కాదు. 1962లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ చిత్రం 'డాక్టర్ నో' తీసింది జమైకాలోనే. అందులో క్లబ్బు సీనులో వాయించే బ్యాండు చూడండి... బైరన్ లీ, అతని డ్రాగనేర్స్ బృందం. 'గన్స్ ఆఫ్ నవరోన్' సినిమా 1961లో వచ్చింది. దాని సంగీతాన్ని స్కాటలైట్స్ అనే బృందం స్కాలోకి దించి 1965లో రికార్డు చేసింది. యుద్ధం సినిమా బాణీకి జనం డాన్సు చేశారు! ఆ రికార్డు 1967లో ఇంగ్లండు జాబితాలో మొదటి నలభైలోకి ఎక్కింది. అదే ఏడు డెస్మండ్ డెకర్ పాట పేరే '007'. 1969లో లీ పెర్రీ బృందం 'రిటర్న్ ఆఫ్ జాంగో' అంటూ ఇటాలియన్ కౌబాయ్‌ని పాటలోకి లాక్కొచ్చింది.

ఇక 1972లో 'ద హార్డర్ దే కమ్' వచ్చింది. పెర్రీ హెన్జెల్ దర్శకుడు, గాయకుడు జిమ్మీ క్లిఫ్ హీరో. జమైకా వాళ్లు సొంతంగా తీసుకున్న మొదటి కథాచిత్రం అది. పల్లె నుంచి పట్నం వచ్చిన కుర్రాడు పాట పాడతాడు. నిర్మాత చేతిలో కాస్త చిల్లర పెట్టి పాట మొత్తం రాయించుకుంటాడు. కల్పిత కథే కావచ్చు. కానీ ఆ స్టూడియోల్లో అలా జరగలేదని మాత్రం ఎవరూ అనలేరు.

పేరు లేని పెద్దలు

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కింగ్‌స్టన్‌లో ఆల్ఫా బాయ్స్ స్కూలని ఒకటుండేది. దిక్కులేని పిల్లల కోసం, అల్లరి పిల్లల కోసం క్రైస్తవ సన్యాసినులు నడిపిన బడి. అక్కడ బ్యాండు వాయిద్యం నేర్పేవాళ్లు. సిస్టర్ ఇగ్నేషియస్ అనే ఆవిడ ఆ బడికే జీవితం ధారపోసింది. ఆవిడ దగ్గర ఎంత రికార్డుల గుట్ట వుండేదంటే, పిల్లలకి తనే రికార్డులు వేసి వినిపించేది! ఆ బడిలో పెరిగిన వాళ్లే టామీ మెకుక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్, ట్రాంబోన్ మాంత్రికుడు డాన్ డ్రమ్మండ్. 1964లో మరికొందరితో కలిసి బృందం కట్టారు. ఆకాశంలో శాటిలైట్లు తిరుగుతున్న రోజులు కదా, ఆ మాటకి స్కా తగిలించి 'స్కాటలైట్స్' అన్నారు.

ఆ బృందం బతికింది ఏడాదికి కాస్త పైన. ఆ కాస్త కాలంలోనే పగలు ఒక స్టూడియో, రాత్రి ఇంకో స్టూడియో తిరిగి, కాక్సన్‌కీ డ్యూక్ రీడ్‌కీ ప్రిన్స్ బస్టర్‌కీ అందరికీ వాయించారు. వైలర్స్ అనే కుర్రాళ్ల బృందం కాక్సన్ స్టూడియోలో 'సిమ్మర్ డౌన్' పాడింది. పేటల్లో కత్తులు తిప్పే కుర్రాళ్లని 'కాస్త చల్లబడండిరా' అని బుజ్జగించే పాట. జమైకాలో నంబర్ వన్ అయింది. పాడిన కుర్రాళ్లలో ఒకడు బాబ్ మార్లీ. వెనకాల బాకాలూది ఆ పాటని నిలబెట్టింది స్కాటలైట్స్ విద్వాంసులే!

వాళ్లకి ముట్టిందెంత? పాటకింత అని కూలి. రికార్డు ఎన్ని వేలు అమ్ముడైనా అంతే. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనకి జమైకా తన స్కాని చూపించడానికి బృందాన్ని పంపింది. వెళ్లింది బైరన్ లీ బ్యాండు. స్కాటలైట్స్‌ని తీసుకెళ్లలేదు. వంట చేసిన వాళ్లని వంటింట్లోనే వుంచి, వడ్డించే వాళ్లని పంపినట్టు!

1965 జనవరి మొదట్లో ఘోరం జరిగింది. మతి స్థిమితం లేక బాధపడుతున్న డ్రమ్మండ్, తనతో కలిసి వుంటున్న మార్గరీటాని కత్తితో పొడిచి చంపాడు. అతన్ని బెల్‌వ్యూ మానసిక ఆసుపత్రిలో వుంచారు. 1969లో అక్కడే పోయాడు. బృందం 1965 ఆగస్టుకే చెదిరిపోయింది. ఈ కథ చెప్పేవాళ్లంతా 'అయ్యో, ఎంత విద్వాంసుడు!' అని డ్రమ్మండ్ కోసమే కన్నీళ్లు పెడతారు. ఆ అమ్మాయి అసలు పేరు అనిత మహ్‌ఫూద్. పేరున్న నర్తకి. పాట కూడా రికార్డు చేసింది. ఆమెని డ్రమ్మండ్ కథలో ఓ పేజీగా మాత్రమే చూడ్డం నాకు మనసొప్పదు. పేరు లేని వాళ్ల లెక్క తీస్తున్నప్పుడు మొదటి వరసలో రాయాల్సిన పేరు ఆమెది.

ఇంకో సంగతి. ప్రిన్స్ బస్టర్ 1960 ప్రాంతంలో 'ఓ కరొలీనా' పాటని ఫోక్స్ సోదరులతో పాడించాడు. కౌంట్ ఓసీ బృందం రాస్తఫారీ డోళ్లు అందులో మోగాయి. పెద్దమనుషులు గడప తొక్కనివ్వని డోళ్లవి! 1993లో షాగీ అదే పాటని మళ్లీ పాడితే ఇంగ్లండులో నంబర్ వన్. మరి పాట ఎవరిది? లండను కోర్టుదాకా వెళ్లింది గొడవ. 1994లో తీర్పు వచ్చింది, పాట కట్టింది జాన్ ఫోక్స్ అని. ముప్ఫయ్యేళ్లు దాటాక! ఆలస్యమే. కానీ ఒక్కడికైనా న్యాయం జరిగింది.

అన్న నెమ్మదించాడు, తమ్ముడు పుట్టాడు

1964లోనే మిల్లీ స్మాల్ అనే పదహారు పదిహేడేళ్ల పిల్ల 'మై బాయ్ లాలీపాప్' పాడి ఇంగ్లండు, అమెరికా రెండు చోట్లా రెండో స్థానానికి ఎక్కింది. ఆ పాట వెనకున్న క్రిస్ బ్లాక్‌వెలే తర్వాత మార్లీని ప్రపంచానికి పరిచయం చేశాడు. 1966 వచ్చేసరికి స్కా పరుగు తగ్గింది. బాకాలు వెనక్కి జరిగాయి, బేస్ గిటారు ముందుకొచ్చింది. అదే రాక్‌స్టెడీ. ఆ ఏడు ఎండలు మండిపోయి జనం ఎగరలేకపోయారని ఒక సరదా కథ కూడా వుంది లెండి. 1968లో మేటల్స్ బృందం 'డూ ద రెగే' అని పాడింది. పేరు స్థిరపడింది. కానీ ఆ సందులో పడే 'చక్' మాత్రం ఎక్కడికీ పోలేదు. రెగే ఎంత నిదానంగా నడిచినా, అందులో గిటారు పడేది అన్నయ్య చూపించిన చోటే!

స్కా కూడా చావలేదు. 1979లో ఇంగ్లండులో స్పెషల్స్, మ్యాడ్‌నెస్ లాంటి బృందాలు నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఎగిరేలా దాన్ని మళ్లీ లేపాయి. మ్యాడ్‌నెస్ పేరే ప్రిన్స్ బస్టర్ పాట పేరు. 2018లో యునెస్కో జమైకా రెగేని మానవాళి వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. బాగుంది. ఆ సంపదలో అన్నయ్య వాటా ఎంతో కూడా మనం గుర్తుంచుకుంటే ఇంకా బాగుంటుంది.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? పాత సినిమా రికార్డు మీద గాయకుడి పేరుంటుంది, సంగీత దర్శకుడి పేరుంటుంది. చరణానికీ చరణానికీ మధ్య గుండె పిండేసిన ఆ వయొలిన్ ఎవరిదో, ఆ వేణువు ఎవరిదో ఎక్కడుంటుంది? మీ తాతగారికి గుర్తున్న పాట సగం ఆ వేణువే కావచ్చు.

కాబట్టి ఈ వారం మీకో చిన్న పని. డ్రమ్మండ్ కట్టిన 'ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్' ఒకసారి వినండి. ఆ వెంటనే మీకిష్టమైన రెగే పాట పెట్టుకోండి. బల్ల మీద చెయ్యి వెయ్యండి. చెయ్యి లేచినప్పుడు 'చక్' అని వినబడితే, ఎవరు వాయించారో పేరు వెతికి నాకు రాయండి. దొరికిన పేర్లన్నీ ఈ శీర్షికలోనే అచ్చేద్దాం. కొంతమందికైనా ఇన్నాళ్లకి తెలుగులో పేరు పడుతుంది!