పడవ నడిపేవాడనే చెప్పండి, మామూ!



పోయిన చుట్టీలో ఊరికొచ్చినప్పుడు మా ఇంటికి ఒక రిష్తా వచ్చింది. "లడకా ఏం చేస్తాడు?" అని అమ్మాయి తరఫు పెద్దాయన అడిగారు. మా మామూ గొంతు సవరించుకుని "అబూధాబీలో టూరిజం కంపెనీ, సూపర్‌వైజర్" అన్నాడు. నేను ఊరుకోలేక "కాదు చాచా, గైడ్‌ని. కయాక్‌లలో జనాన్ని మడ అడవిలోకి తీసుకెళ్తాను" అన్నాను. "అంటే పడవ నడుపుతావా?" అని ఒక్కమాట అడిగి ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశారు. బాత్ అక్కడే ఖతం.

రిష్తా పోయినందుకు నాకంత రంజ్ లేదు. మామూ ఝూట్ చెప్పాల్సి వచ్చిందే, అదే గుచ్చుకుంది. మాది రాయచోటి. గల్ఫ్‌లో ఒక్క మనిషైనా లేని ఖాన్‌దాన్ మా ఊళ్ళో వెతికినా దొరకడం కష్టం. డ్రైవర్ అన్నా, సేల్స్‌మన్ అన్నా మనవాళ్ళకు ఇజ్జత్ ఉన్న పనే. తెడ్డు పట్టుకుంటే మాత్రం ఎందుకు షరమ్?

నా పనేమిటో చెబుతాను, తర్వాత మీరే ఫైసలా చేయండి. ఫజర్ కాగానే ఆటుపోట్ల టైములు చూస్తాను. పోటు మీదున్నప్పుడే మడ అడవి సందుల్లోకి దూరగలం. పాటులో చిక్కితే కయాక్ బురదలో కూరుకుపోతుంది. తర్వాత గాలి. వాయవ్యం నుంచి వీచే గాలిని అరబ్బులు షమాల్ అంటారు. అది లేచిందంటే కయాక్ ఎండుటాకుతో సమానం. ఈ రెండూ సరిగా లేకపోతే ఎంత పెద్ద మెహమాన్ వచ్చినా ట్రిప్ కేన్సిల్.

నీళ్ళలోకి దిగాక చెట్టును చూపిస్తాను. అరబ్బీలో దాన్ని ఖుర్మ్ అంటారు. ఉప్పునీళ్ళలో బతికి, ఎక్కువైన ఉప్పును ఆకుల మీదకు వదిలేస్తుంది. ఆకును నాలుకకు తాకించమంటే పిల్లలు "అరే, నమక్!" అని నవ్వుతారు. బురదలోంచి పెన్సిళ్ళలా నిక్కి చూసేవి దాని ఊపిరి వేళ్ళు. వాటిని తొక్కొద్దని వందసార్లు చెబుతాను. వాటి మధ్యే చేపపిల్లలు పెరుగుతాయి. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి, మన పులికాట్‌కు వచ్చేలాంటివే. కొంగలు, పీతలు, నసీబ్ బాగుంటే తాబేలు. షేక్ జాయెద్ 1970లలోనే ఇక్కడ మడ మొక్కలు నాటించారు. 2030 నాటికి 10 కోట్ల మొక్కలు నాటాలని ఆ దేశం లక్ష్యం పెట్టుకుంది.

ఇక అసలు బాత్. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక ఫ్యామిలీ వచ్చింది. తండ్రి "నడుం లోతే కదా, పిల్లాడికి జాకెట్ ఎందుకు?" అని బహస్ పెట్టుకున్నాడు. జాకెట్ లేకుండా ఎక్కించనన్నాను. సగం దారిలో గాలికి కయాక్ తిరగబడింది. పిల్లాడి కాళ్ళు బురదలో ఇరుక్కున్నాయి, తండ్రికేమో ఈత రాదు. జాకెట్ వల్లే పిల్లాడి తల నీటి పైన నిలిచింది. నేను వెళ్ళి లాగేదాకా ఆ తండ్రి ముఖం చూడలేకపోయాను.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట బకిల్ విరిగిన జాకెట్లను తాడుతో కట్టి ఇమ్మన్నారు. ఇవ్వనన్నందుకు ఉద్యోగం పోయింది. ఆ రోజు జిద్ చేయకపోయి ఉంటే ఈ పిల్లాడి విషయంలోనూ నా నోరు లేచేది కాదేమో. ఎక్కినవాళ్ళ జాన్ గైడ్ దగ్గర అమానత్. అందుకే ఇది హునర్ అంటున్నాను, టైంపాస్ కాదు.

నా వాదన రెండు ముక్కలు. ఒకటి: మన ఇళ్ళలో పిల్లలకు ఈత నేర్పండి, ఆడపిల్లలకు కూడా. మా అబ్బా నాకు బెండ్లు కట్టి బావిలో తోశాడు గానీ మా ఆపాను గట్టు మీదే కూర్చోబెట్టాడు. నీళ్ళు మాత్రం లడకా, లడకీ అని ఫరక్ చూడవు. లేడీస్ బ్యాచ్ ఉన్న చోట పంపండి, లేకపోతే పెట్టమని అడగండి.

రెండు: ఈ పని కోసం గల్ఫ్‌కే రావాలనేం లేదు. కాకినాడ పక్కన కోరింగ ఉంది. 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. అక్కడా ఇలాంటి మడ చెట్లే, పైగా నీటిపిల్లులు, నీటికుక్కలు. 1839 తుఫానులో కోరింగ రేవు కొట్టుకుపోయిందని తెలిసినవాళ్ళకు అలలకు అడ్డం నిలిచే ఆ అడవి ఖీమత్ చెప్పక్కర్లేదు. చెట్టును చూపించి నాలుగు ముక్కలు చెప్పగలిగే కుర్రాళ్ళు అక్కడ ఎంతమంది ఉంటే అంత మంచిది.

కమాయి సంగతీ దాచను. ఎండాకాలం ట్రిప్పులు తగ్గుతాయి, టిప్పులు కలిస్తేనే నెల గడుస్తుంది. తమ్ముడి ఫీజు మాత్రం ఈ తెడ్డు మీదే కడుతున్నాను, అప్పు లేకుండా.

కాబట్టి మామూ, ఈసారి ఎవరైనా అడిగితే పడవ నడిపేవాడనే చెప్పండి. చాయ్ కప్పు కింద పెట్టేవాళ్ళు పెట్టనీ. పూర్తిగా తాగి, ఇంకో సవాల్ అడిగేవాళ్ళ ఇంట్లోనే నాకు నికా కావాలి.