నాణేనికి ఊరు

తొలకరి చినుకులు పడగానే కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాలలో జనసందోహం కనిపిస్తుంది. చుట్టుపక్కల మండలాల నుంచే కాక పొరుగు జిల్లాల నుంచి కూడా కుటుంబాలు తరలివచ్చి, వాన కడిగిన నేలలో వజ్రాల కోసం వెదుకుతాయి. దొరికిన రాయిని ఏ వ్యాపారి ఎంతకు కొంటాడన్నదే అక్కడ ప్రధానమైన ప్రశ్న. రాయి విషయంలో ఆ ప్రశ్న చాలవచ్చు. అదే నేలలో ఒక ప్రాచీన నాణెం దొరికితే మాత్రం అది చాలదు. నాణెం వెల తెలియజేసేది లోహం. నాణెం విలువ తెలియజేసేది అది దొరికిన చోటు.

క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో రోమన్ సామ్రాజ్యానికీ దక్షిణాపథానికీ మధ్య విస్తారమైన వాణిజ్యం సాగింది. మిరియాలు, ముత్యాలు, రత్నాలు, నూలు వస్త్రాలు ఇక్కడి నుంచి వెళ్ళేవి. బదులుగా బంగారు, వెండి నాణేలు వచ్చేవి. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్‌ల ధనాన్ని లాగుకొంటున్నదని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ ధనంలో కొంత తెలుగునేల గర్భంలో నిలిచిపోయింది. 1932లో నంద్యాలలో రోమన్ బంగారు నాణేల నిధి బయటపడింది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా వెండి నాణేలు లభించాయి. నాగార్జునకొండలో తైబీరియస్ చక్రవర్తి నాటి బంగారు నాణెం దొరికింది. అక్కడి ఇక్ష్వాకుల శాసనమొకటి ఉజ్జయిని రాజపుత్రి రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకాలు దానం చేసినట్లు పేర్కొంటున్నది. రోమన్ల 'దినారియస్' మన భాషలలో 'దీనారం'గా స్థిరపడింది. వెయ్యేళ్ళకు పైగా గడచిన తరువాత విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథుడు పొందిన కనకాభిషేకం దీనార టంకాలతోనే జరిగిందని సాహిత్య చరిత్ర చెబుతుంది. నాణెం కరిగిపోయినా మాట మిగిలింది.

ఆదోని ప్రాంతం ఆనాడు నిర్జనారణ్యం కాదు. ఆదోనికి సమీపంలోని మ్యాకదోని వద్ద సాతవాహన రాజు పులుమావి ఎనిమిదవ రాజ్యవర్షం నాటి శాసనం ఉంది. సాతవాహనిహారమనే సీమలోని వేపురక గ్రామంలో సంబుడనే గృహపతి చెరువు త్రవ్వించినట్లు అది తెలుపుతుంది. సీమకు పేరుంది, ఊరికి పేరుంది, చెరువు త్రవ్వించిన సామాన్యునికి కూడా పేరుంది. నేడు ఆదోని పత్తి విపణికీ, ఎమ్మిగనూరు చేనేతకూ ప్రసిద్ధి. మాచాని సోమప్ప చొరవతో 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఈ సీమకు ఆనాటి సముద్ర వ్యాపారంతో సంబంధం ఉండేదా అన్న జిజ్ఞాస సహజం. దానికి ఊహలు సమాధానం కాలేవు. ఫలానా ఊరిలో, ఫలానా చేనులో, ఇంత లోతున దొరికిందని నమోదైన ఒక్క నాణెం ఆ సమాధానానికి దారి చూపగలదు.

అటువంటి ఆధారాలు ఎలా నశిస్తాయో నెల్లూరు ఉదంతం చెబుతుంది. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో నెల్లూరు సమీపాన ఒక రైతు దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. త్రవ్వి చూస్తే చిన్న దేవాలయపు శిథిలాలు, వాటి కింద ఒక కుండ, కుండ నిండా రోమన్ బంగారు నాణేలు! రైతు వాటిని పాత బంగారం కింద అమ్మివేశాడు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల ముఖాలలో చాలా భాగం కొలిమిలో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు వంశీయుడైన అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా సేకరించినందువల్లనే ఆ నిధి సంగతి లోకానికి తెలిసింది.

కనుక నాణేల సేకరణను దోషంగా భావించడం న్యాయం కాదు. సేకర్త ఆసక్తి ఎన్నో నాణేలను మూస నుంచి కాపాడింది. అయితే ఊరు పేరు చెప్పని నాణేన్ని గుట్టుగా కొనే సేకర్త చరిత్రను కాపాడినట్లు కాదు. మన దేశంలో దొరికిన రోమన్ నాణేలు కొన్నింటిపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. కొన్నింటికి మెడలో ధరించడానికి వీలుగా రంధ్రాలు ఉంటాయి. విపణిలో అటువంటి నాణేనికి ధర తగ్గుతుంది. చరిత్రకారునికి మాత్రం ఆ గాటే ముఖ్యం. ముఖం రోమ్‌లో చెక్కినది. గాటు ఇక్కడి చేయి పెట్టినది. మచ్చలేని నాణేన్ని మాత్రమే కోరే సేకర్త మన పూర్వుల చేతిగుర్తునే నిరాకరిస్తున్నాడు.

చట్టం ఏమి చెబుతున్నదో ప్రజలకు తెలియాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచినవారు శిక్షార్హులు. సొంతదారు ఎవరూ తేలకపోతే, దొరికినవారికీ భూమి యజమానికీ మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, ముప్పాతిక భాగం దొరికినవారికీ పాతిక భాగం యజమానికీ చెందుతుంది. ప్రభుత్వం ఆ నిధిని తీసుకోదలిస్తే లోహపు విలువకు అందులో ఐదవ వంతు కలిపి చెల్లించాలి. 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్ళు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు తరలించడాన్ని నిషేధించింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. రెండువేల ఏళ్ళ నాణేనికి లోహపు వెలపై ఐదవ వంతు మాత్రమే అదనంగా ఇస్తామంటే కూలిపనికి వచ్చిన మనిషి కచేరీ మెట్లు ఎందుకు ఎక్కుతాడు? విచారణ భయం ఒకవైపు, రొక్కం చేతిలో పెట్టే వ్యాపారి మరొకవైపు. ఆ స్థితిలో అతని పేదరికాన్ని నిందించి ప్రయోజనం లేదు. నిజాయితీగా అప్పగించినవారికి నాణెపు చారిత్రక విలువకు తగిన పారితోషికం, అదీ ఆలస్యం లేకుండా, ముట్టాలి. ప్రదర్శనశాలలో ఆ నాణెం పక్కన దొరికిన ఊరి పేరు, అప్పగించినవారికి సమ్మతమైతే వారి పేరు వ్రాయాలి. చెరువు త్రవ్వించిన సంబుని పేరును శిల మీద నిలిపిన సీమకు ఈ మర్యాద కొత్త కాదు.

విద్యావంతులైన యువకుల బాధ్యత కూడా తక్కువ కాదు. పొలంలో పాత నాణెం బయటపడినప్పుడు దానిని చింతపండుతో తోమకుండా, దొరికిన చోటును గుర్తుపెట్టి, తహసీల్దారు కార్యాలయానికి తెలియజేయమని పెద్దలకు చెప్పగలవారు వారే. చట్టంలోని వాటాను చదివి వినిపించి వారి భయం పోగొట్టగలవారూ వారే. నాణెం మీద చక్రవర్తి పేరు ముందే చెక్కి ఉంది. దానికి ఊరు పేరు చేర్చవలసింది ఆ ఊరివారే.