స్టిక్కర్ వేస్తే బలం వస్తుందా?

ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి రీల్ ఏదో ఒకటి ఎదురవుతుంది. తెల్లటి కబోర్డుకి పాలరాయి డిజైన్ స్టిక్కర్ అతికిస్తారు, బంగారు రంగు హ్యాండిళ్లు బిగిస్తారు, కింద ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్ వెలిగిస్తారు. పదిహేను సెకన్లలో మూడు వేల వస్తువు ముప్పై వేల దానిలా మెరిసిపోతుంది. కామెంట్లలో అందరూ "సూపర్ అప్‌గ్రేడ్ బ్రో" అంటారు. నన్నడిగితే అది అప్‌గ్రేడ్ కాదు, మేకప్. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దవాళ్లు అన్నది ఇలాంటి వాటినే.

మేకప్ తప్పని కాదు. ఎవరి గది వాళ్ల ఇష్టం. ఇంజనీరింగ్ చదువుతున్న మనం కూడా అక్కడే ఆగిపోతే ఎలా అన్నదే నా గొడవ.

విడిభాగాలుగా అట్టపెట్టెలో వచ్చే ఫర్నిచర్ మన ఇళ్లకి కొత్తేమో గానీ, ప్రపంచానికి పాతదే. స్వీడన్‌లో 1943లో మొదలైన ఐకియా 1950ల్లోనే ఈ దారి పట్టింది. 1956లో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి, బల్ల కారులో పట్టకపోతే దాని కాళ్లు ఊడదీశాడని వాళ్ల చరిత్రలో చెప్పుకుంటారు. 1979లో వచ్చిన 'బిల్లీ' పుస్తకాల షెల్ఫ్ కూడా ఆయన డిజైనే, ఇప్పటికీ అమ్ముడవుతోంది. మన దేశంలో ఐకియా మొదటి దుకాణం 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర తెరిచారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎన్నో కంపెనీల స్టడీ టేబుళ్లు ఇలాగే వస్తున్నాయి. కాలేజీల చుట్టూ ఉన్న అద్దె గదుల్లోకి తొంగి చూస్తే అవే కనిపిస్తాయి.

వీటిలో చాలావరకు పార్టికల్ బోర్డుతో చేసినవే. చెక్క తురుమును జిగురుతో కలిపి, వేడి మీద గట్టిగా నొక్కి చేసిన పలక అది. చవక, నున్నగా ఉంటుంది. కానీ దానికి మూడు బలహీనతలున్నాయి. చాలాకాలం బరువు మోస్తే వంగుతుంది. నీళ్లు పీల్చుకుంటే ఉబ్బుతుంది. స్క్రూని నాలుగైదుసార్లు ఊడదీసి బిగిస్తే పట్టు వదిలేస్తుంది. ఈ మూడింటికీ జవాబు చెప్పేదే అసలైన అప్‌గ్రేడ్.

ముందు వంగడం సంగతి. ఎస్‌ఓఎంలో బీమ్ డిఫ్లెక్షన్ ఫార్ములా బట్టీ పట్టి, పరీక్షలో రాసి, బయటికొచ్చి మర్చిపోయాం కదా? అది మన షెల్ఫ్ గురించే చెబుతోంది. పొడవునా సమానంగా బరువు ఉంటే, వంపు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే 80 సెంటీమీటర్ల అరకి సరిగ్గా మధ్యలో ఒక ఆధారం ఇస్తే, వంపు పదహారో వంతుకో అంతకంటే తక్కువకో పడిపోతుంది. ఒక్క చెక్కముక్క చేసే పని అది! ఆధారం పెట్టే చోటు లేదంటారా? అర ముందు అంచు కింద ఒక చెక్క పట్టీని నిలువుగా, పొడవునా అతికించండి. 18 మిల్లీమీటర్ల మందం, 28 సెంటీమీటర్ల లోతు ఉన్న అరకి, 2 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తున్న పట్టీ కలిస్తే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా దాదాపు ఆరు రెట్లవుతుంది. నమ్మకపోతే ప్యారలల్ యాక్సిస్ థియరమ్‌తో లెక్కేసుకోండి. పట్టీని వడ్రంగి దగ్గర ముక్కల్లోంచి అడిగి తెచ్చుకోవచ్చు.

తర్వాత నీళ్లు. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం. నేలకి ఆనుకుని ఉన్న బోర్డు అంచు ఆ తడిని కొంచెం కొంచెంగా పీల్చుకుని, వానాకాలానికల్లా బిస్కెట్ టీలో ముంచినట్టు అవుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే రబ్బరు బుష్‌లు నాలుగు కింద బిగిస్తే, బోర్డు నేల మీంచి ఒక అంగుళం పైకి లేస్తుంది. అలాగే ఛార్జర్ వైరు కోసం బల్లకి కన్నం పెట్టేవాళ్లు ఆ కన్నం లోపలి అంచుకి వార్నిష్ పూయండి. పైనున్న నున్నటి పొరే దానికి గొడుగు. కన్నం పెట్టామంటే గొడుగు చింపినట్టే.

ఇక స్క్రూలు. వదులైన కన్నంలో ఫెవికాల్ వేసి, టూత్‌పిక్‌లు దూర్చి, ఆరాక మళ్లీ సన్నటి కన్నం చేసి బిగిస్తే పట్టు దొరుకుతుంది. మరి జాయింట్లన్నీ జిగురుతో అతికించేస్తే? సొంతింట్లో అయితే మంచిదే. ఏటా గది మారే మనకి మాత్రం ఇబ్బంది, ఎందుకంటే మళ్లీ విప్పలేం. ఆరు సార్లు విప్పి బిగించాల్సిన బల్లకి, ఆ చివరి నుంచి ఈ చివరికి దూసుకెళ్లే బోల్టు, రెండు వైపులా వాషర్లు మేలు. చూడటానికి అంత బాగోదు, నిజమే. కానీ కాలు ఊగదు.

వీటన్నిటి కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. 2016లో అమెరికాలో ఐకియా దాదాపు 2 కోట్ల 90 లక్షల డ్రాయర్ కబోర్డులను రీకాల్ చేసింది. గోడకి బిగించకపోతే అవి ముందుకి ఒరిగిపోతాయి. అలా మీద పడి పసిపిల్లలు చనిపోయారు. కాబట్టి పైకి ఇంకో అర పెంచేటప్పుడు, కింద చక్రాలు తగిలించేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎటు పోతోంది? పై డ్రాయర్లన్నీ ఒకేసారి లాగితే ఏమవుతుంది? సెలవులకి ఇంటికెళ్లినప్పుడు, చిన్నపిల్లలున్న ఇంట్లో, ముందు చేయాల్సిన పని ఎల్‌ఈడీ లైటు కాదు, గోడకి ఒక ఎల్ క్లాంప్.

"ఓనర్ గోడకి మేకు కూడా కొట్టనివ్వడు" అంటారు. తెలుసు. అడిగి చూడండి, ఖాళీ చేసేటప్పుడు పుట్టీతో పూడుస్తామని చెప్పండి. ఒప్పుకోకపోతే పొడుగు కబోర్డు కొనకండి, ఉన్నదాంట్లో బరువులన్నీ కింది అరలో పెట్టండి. "ఇంత శ్రమెందుకు, వడ్రంగిని పిలిస్తే పోలా?" అని కూడా అంటారు. పిలవండి, తప్పేం లేదు. బరువు ఎటు దిగుతుందో ఆయనకి చూపుతోనే తెలుస్తుంది. మనకి అది లెక్కల్లో తెలుసు, చేతుల్లో తెలియదు. ఆయన పనిచేసేటప్పుడు పక్కన నిలబడి చూస్తే, ల్యాబ్‌లో దొరకని పాఠం దొరుకుతుంది.

"పోతే పోయింది, కొత్తది కొందాం" అనే మాట మాత్రం నాకు నచ్చదు. ఏటా ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయాక హాస్టల్ వెనక చూడండి: అర వంగిందని, కాలు ఊగుతోందని పారేసిన బల్లలు. వాటిని చలిమంటలో వేయడం కూడా మంచిది కాదు, ఆ జిగురు కాలితే వచ్చే పొగ హానికరం. చాలావాటికి కావలసింది నాలుగు బోల్టులు, ఒక చెక్క పట్టీ.

అందుకే ఈసారి గది ఖాళీ చేసే ముందు ఒక్క బల్ల బాగుచేసి జూనియర్‌కి ఇవ్వండి. ఏం మార్చారో, ఏ సైజు బోల్టు వాడారో పలక అడుగున మార్కర్‌తో రాయండి. తర్వాత వచ్చేవాళ్లు దాని కిందే ఇంకో లైను రాసుకుంటారు. స్టిక్కర్ కావాలంటే ఆ పైన వాళ్లిష్టమొచ్చింది వేసుకుంటారు.